వాలు లేని నేలలో డ్రైనేజీ: ఒక డెల్టా పట్టణ వార్డు కేస్ స్టడీ

డ్రైనేజీ మీద వార్డులో వాదన మొదలైతే అది ఎక్కువగా రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. ఏ రకం డ్రైన్ వెయ్యాలి, ఎవరి వీధిలో ముందు వెయ్యాలి. ఆ నీళ్లు చివరికి ఎక్కడికి పోతాయి, అక్కడి మట్టం ఎంత అని అడిగేవాళ్లు తక్కువ. గోదావరి డెల్టాలోని ఒక మునిసిపాలిటీలో నేను సాంకేతిక సలహాదారుగా ఉన్నప్పుడు చూసిన కేసు ఇది. అడగాల్సిన ఆ మూడో ప్రశ్నను జనం చేతిలో పెడితే వాదన ఎలా మారుతుందో దీనిలో స్పష్టంగా కనిపించింది. ఊరి పేరు, వార్డు, మనుషుల వివరాలు తీసేశాను. కొలతలను దగ్గరి అంకెకు సవరించాను.

నేపథ్యం

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా అంతా కాలువల కింద సాగులోకి వచ్చింది. డెల్టాలో పంట కాలువ మెరక మీద నడుస్తుంది, మురుగు డ్రెయిన్ పల్లంలో నడుస్తుంది. పొలంలోకి నీళ్లు రావడానికి ఒక దారి, పోవడానికి మరో దారి. ఈ డ్రెయిన్లను తవ్వింది వరి పొలాల కోసం. రెండు మూడు రోజులు ముంపులో ఉన్నా వరి తట్టుకుంటుంది కాబట్టి నీళ్లు నెమ్మదిగా దిగినా ఫరవాలేదన్న లెక్కతో కట్టినవి. ఇంట్లో మనిషి మూడు గంటలు కూడా తట్టుకోలేడు. పొలాలను లేఅవుట్లు చేసి అమ్మినప్పుడు రోడ్లు గీశారు, ప్లాట్లు గీశారు. ఈ లెక్క మారిందని మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఈ కేసులోని కాలనీ అలాంటిదే. ఇరవై అయిదు ఎకరాలు, దాదాపు మూడు వందల యాభై ఇళ్లు. పై అంచున పంట కాలువ గట్టు, కింది అంచు దాటాక ఒక పేట, పేట వెనక మురుగు డ్రెయిన్. పేటలో ఎక్కువమంది కూలి పనివాళ్లు, మునిసిపాలిటీ పారిశుద్ధ్య కార్మికులు. కాలనీ కంటే ముందు నుంచే వాళ్లు అక్కడున్నారు. కాలనీ పై అంచు నుంచి డ్రెయిన్ దాకా దూరం సుమారు 900 మీటర్లు. అంత దూరంలో నేల వాలు ముప్పావు మీటరు కూడా లేదు.

ఏం అడిగారు, ఏం ఇస్తామన్నారు

వాన పడితే కాలనీలో కింది నాలుగు వీధులు, పేట మొత్తం మునుగుతాయి. నీళ్లు తియ్యడానికి రోజులు పడుతుంది. సెప్టిక్ ట్యాంకుల గొట్టాలన్నీ సైడు కాల్వల్లోకే ఉన్నాయి కాబట్టి ఆ నీళ్లు వాన నీళ్లు మాత్రమే కావు.

కాలనీ సంక్షేమ సంఘం అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ కావాలంది. ఇంటి పన్ను కడుతున్నాం, పెద్ద ఊళ్లలో ఉన్నది మాకెందుకు ఉండకూడదు అన్నది వాళ్ల వాదన. మునిసిపల్ ఇంజినీరింగ్ విభాగం దగ్గర ఉన్న నిధులకు సరిపడా సీసీ రోడ్డు, రెండు పక్కలా సైడు కాల్వలతో ఎస్టిమేట్ సిద్ధంగా ఉంది. పేట వాళ్లు రెండిటికీ ఒప్పుకోలేదు. "పైన బాగుచేస్తే ఇంకా తొందరగా మా మీద పడతాయండి నీళ్లు" అని వాళ్లు అంటుంటే, అభివృద్ధికి అడ్డం పడుతున్నారని కాలనీలో కొందరు తప్పుబట్టారు. ఇంజినీరుగా చెప్పాలంటే, ముగ్గురిలోకీ నీటి దారిని సరిగ్గా చూసింది పేట వాళ్లే.

అంతకు ముందు చేసినవి

ఏటా వానలకు ముందు పూడిక తీసేవారు. తీసిన పూడికను కాల్వ పక్కనే కుప్పలు పోసేవారు. అది ఆరాక ట్రాక్టర్ వస్తుందనేవారు. ట్రాక్టర్ కంటే ముందు వానొచ్చేది, కుప్ప మళ్లీ కాల్వలో కలిసేది.

రోడ్డు ఎత్తు పెంచడం రెండోది. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే సీసీ వేశారు. ఆ వీధిలో రోడ్డు బాగుపడింది, పాత ఇళ్లు మాత్రం రోడ్డు కంటే పల్లంలో పడిపోయాయి. గడప దగ్గర ఇటుకలతో అడ్డు కట్టుకుని వానాకాలం గడిపిన కుటుంబాలను చూశాను. ఉన్నవాళ్లు ఇల్లు జాకీలతో లేపించుకున్నారు, లేనివాళ్లు అలాగే ఉన్నారు. పక్క వీధిలో రోడ్డు లేపితే మన వీధి చెరువవుతుంది కాబట్టి ప్రతి వీధీ తన రోడ్డును ఇంకో జానెడు లేపమని అడగడం మొదలుపెట్టింది.

మూడోది, కాలనీ సంఘం చందాలు వేసుకుని మోటారు కొనడం. కింది వీధిలో నిలిచిన నీళ్లను తోడి పేట వైపు కాల్వలోకి వదిలారు. ఒక రాత్రి పేట వాళ్లొచ్చి గొట్టం కోసేశారు. విషయం పోలీసు స్టేషన్ దాకా వెళ్లింది. ఆ తర్వాతే మునిసిపాలిటీ నన్ను సలహాకు పిలిచింది.

నేను వచ్చాక జరిగిన మొదటి వార్డు సమావేశం కూడా విఫలమైంది. కమ్యూనిటీ హాలులో మునిసిపల్ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) గారు డ్రాయింగు తెరిచి వివరించారు. నిజాయితీగానే వివరించారు. కానీ డ్రాయింగులో ఉన్నవి సముద్ర మట్టం నుంచి లెక్కించిన లెవెళ్లు, మూడు దశాంశాల అంకెలు. వినేవాళ్లకు తమ గడప ఆ అంకెల్లో ఎక్కడుందో తెలియదు. తెలియని అంకెల్ని నమ్మాలంటే చెప్పే మనిషి మీద నమ్మకం ఉండాలి, ఆ నమ్మకం రోడ్డు లేపినప్పుడే పోయింది. పది నిమిషాల్లో మాటలు పెరిగాయి, అరగంటలో హాలు ఖాళీ అయింది. రాసిన మినిట్స్ ఇంగ్లీషులో ఉన్నాయి. వాటి కింద సంతకం పెట్టడానికి ఎవరూ మిగల్లేదు.

నీలం గీత

ఇంకో సమావేశం పెడదామని కమిషనర్ గారు అన్నారు. ముందు లెవెల్స్ తీద్దాం, అదీ జనం ముందే తీద్దాం అన్నాను. మనుషులు గొడవపడుతున్నది ఒకరినొకరు నమ్మక, అందరూ ఒప్పుకునే కొలత ఒక్కటైనా చేతిలో ఉంటే తప్ప మాట ముందుకు సాగదు.

ఎత్తుపల్లాలు కొలిచే దుర్భిణి పరికరం ఆటో లెవెల్‌తో కొలిస్తే పని తొందరగా అయిపోతుంది. కానీ ఆ దుర్భిణిలో చూసేది ఒక్కడే, మిగతావాళ్లు వాడి మాట వినాలి. అందుకే మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు వాడే నీళ్ల ట్యూబును కూడా తెచ్చాం. పారదర్శకమైన సన్నని గొట్టం, దాన్నిండా నీళ్లు. రెండు కొసల్లో నీరు ఒకే మట్టానికి వస్తుందని ఇల్లు కట్టుకున్న ప్రతివాడికీ తెలుసు. దూరం పెరిగేకొద్దీ ట్యూబుతో తేడాలు పోగవుతాయి కాబట్టి రికార్డుకు ఆటో లెవెల్ రీడింగులే తీసుకున్నాం. ట్యూబును స్తంభం నుంచి స్తంభానికి సరిచూడ్డానికి వాడాం. ట్యూబు పట్టుకున్న ఇద్దరిలో ఒకరు పేట మేస్త్రీ, ఇంకొకరు కాలనీ సంఘం కోశాధికారి. ఎక్కడా వేలి మందం కంటే తేడా రాలేదు.

మొదలు ఎక్కడ పెట్టాలన్నది కూడా ఆలోచించే నిర్ణయించాం. సముద్ర మట్టం వదిలేసి పేట బడి గోడ దగ్గర మొదలుపెట్టాం. కిందటేడు డ్రెయిన్ పొంగినప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఆ గోడ మీద చారిక ఉంది. చారికకు సరిగ్గా మీటరు పైన నీలం రంగుతో గీత గీశాం. అదే మట్టాన్ని కరెంటు స్తంభాల మీదుగా కాలనీ పై అంచు దాకా తీసుకెళ్లాం. ఇక ఎవరైనా టేపు తెచ్చుకుని తమ ఇంటి ముందు స్తంభం మీది గీత నుంచి కిందికి కొలుచుకోవచ్చు. మీటరు కంటే తక్కువొస్తే ఆ చోటు పొంగు మట్టానికి పైన ఉన్నట్టు, ఎక్కువొస్తే కింద ఉన్నట్టు.

మూడో వీధి కల్వర్టు దగ్గర విషయం బయటపడింది. కల్వర్టుకు ఎగువన కాల్వలో పూడిక తీయించి అడుగు సిమెంటు కనిపించేలా చేశాం. గీత నుంచి అక్కడికి కొలిచారు. తర్వాత కల్వర్టు అడుగుకు కొలిచారు. ఎగువ కాల్వ అడుగు కంటే కల్వర్టు అడుగు జానెడు ఎత్తులో ఉంది. కొలిచిన కోశాధికారి టేపు మళ్లీ పెట్టి చూశారు. ఆ ఇంటి ఇల్లాలు చీపురు పుల్లతో గోడ మీద రెండు గుర్తులు పెట్టి, "అంటే పన్నెండేళ్లుగా మా ఇంటి ముందు నీళ్లు ఎక్కడానికి చూస్తన్నాయా?" అన్నారు. అంతే. ఎగువ కాల్వ ఒక ఏడాది పని, కల్వర్టు మరో ఏడాది పని, దిగువ కాల్వ ఇంకో ఏడాది పని. ఏ పని చేసినవాళ్లు ఆ పని దగ్గరున్న రోడ్డు పైభాగాన్ని ఆధారం చేసుకుని లోతు కొలుచుకున్నారు. రోడ్డు లేపినచోట కాల్వ అడుగు కూడా దానితో పాటే లేచింది. విడివిడిగా చూస్తే ప్రతి పనికీ కొలతల పుస్తకంలో లెక్క సరిగ్గానే ఉంది.

వాదన మారిన తీరు

తర్వాతి సమావేశం హాలులో కాకుండా ఆ కల్వర్టు దగ్గరే, సాయంత్రం పెట్టాం. కూలికి వెళ్లేవాళ్లు తిరిగొచ్చే వేళ అని.

అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ సంగతి మొదట తేల్చాలి అనుకున్నాను. అది కుదరదని ఒక్క ముక్కలో చెబితే అధికారుల వంత పాడుతున్నానంటారు కాబట్టి లెక్క చార్టు మీద రాసి వివరించాను. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు, అందులో 80 శాతం మురుగుగా తిరిగొస్తుందని డిజైన్‌లో తీసుకుంటాం. ఇంటికి నలుగురు చొప్పున కాలనీ మురుగు రోజుకు లక్షన్నర లీటర్లు. అదే ఒక గంటలో అయిదు సెంటీమీటర్ల వాన పడితే ఇరవై అయిదు ఎకరాల మీద పడేది దాదాపు 50 లక్షల లీటర్లు. అంటే నెల రోజుల మురుగు ఒక గంటలో. మురుగు కోసం వేసే పైపులో ఈ వాన పట్టదు. ముంపు పోవాలని అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ అడగడం వల్ల ముంపు పోదు.

రెండోది వాలు. 200 మిల్లీమీటర్ల సిమెంటు పైపులో మురుగు పేరుకోకుండా పారాలంటే సెకనుకు 0.6 మీటర్ల వేగం ఉండాలి, దానికి దాదాపు 300 మీటర్లకు ఒక మీటరు వాలు కావాలి. 900 మీటర్లకు మూడు మీటర్లు. పై అంచున మీటరు లోతులో మొదలుపెట్టి, నేల ఇచ్చే కొద్దిపాటి వాలు తీసేసినా, పేట చేరేసరికి పైపు మూడు మీటర్లు దాటిన లోతులో ఉంటుంది. వానాకాలంలో అక్కడ మీటరు తవ్వితే నీళ్లు. అంత లోతు నుంచి మురుగును మోటార్లతో పైకి లేపాలి, శుద్ధి చెయ్యాలి. ఆ రెండూ పట్టణమంతటికీ కలిపి చేసే స్కీములో తప్ప ఒక కాలనీకి సాధ్యం కాదు. శుద్ధి కేంద్రం లేకుండా పైపు వేస్తే కాలనీ మురుగంతా ఒక్కచోట, పేట గుమ్మంలో బయటపడుతుంది.

రిటైర్డ్ ఉపాధ్యాయుడొకాయన లేచి, "అయితే మాకు జన్మలో లేనట్టేనా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. పట్టణ స్కీము వచ్చినప్పుడు పైపు వెయ్యడానికి రోడ్డు మధ్య భాగం వదిలేసేలా, అక్కడ వేరే లైన్లు రాకుండా ఇప్పుడే తీర్మానం చేయిద్దామని చెప్పాను. అది మినిట్స్‌లోకి ఎక్కింది.

అసలు చిక్కు పని వరుస దగ్గర వచ్చింది. తోక నుంచి, అంటే డ్రెయిన్ దగ్గర మొదలుపెట్టి పేట మీదుగా పైకి రావాలని నా సలహా. అడుగు మట్టం కింద ఖాయమైతేనే పైన ఎంత లోతు ఉండాలో తెలుస్తుంది. పన్ను మేం కడితే పని ముందు పేటలోనా అని కాలనీ పై వీధుల వాళ్లు అడ్డం తిరిగారు. ఇక్కడ మాట కలిపింది కాలనీ కింది వీధుల వాళ్లే. నీలం గీతతో కొలుచుకుంటే తమ గడపలూ పేట గడపలూ దాదాపు ఒకే మట్టంలో ఉన్నాయని వాళ్లకు అప్పటికే తెలిసింది. పైన ముందు బాగుచేస్తే తామే మునుగుతామని వాళ్లే లేచి చెప్పారు. అప్పటిదాకా కాలనీ ఒక పక్షం, పేట ఒక పక్షం. ఆ సాయంత్రం నుంచి మెరక వీధులు, పల్లపు వీధులు అయ్యాయి, పల్లపు వీధుల సంఖ్య ఎక్కువ. నీరు పల్లమెరుగు అన్న మాట పేట మేస్త్రీ నోట వచ్చినప్పుడు కాలనీ వాళ్లే తలలూపారు.

ర్యాంపుల మీద ఇంకా గట్టి పట్టు పడింది. చాలా ఇళ్ల ముందు కాల్వ మీద ర్యాంపులు, మెట్లు కట్టేశారు. కొట్టించడానికి కౌన్సిలర్ గారికి ఇష్టం లేదు, ఆ టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే. నేను పారిశుద్ధ్య కార్మికులను మాట్లాడమన్నాను. అప్పటిదాకా ఏ సమావేశంలోనూ వాళ్లను అడిగినవాళ్లు లేరు. ఒకతను ముందుకొచ్చి, ఏ ఇంటి ముందు ర్యాంపు ఎంత పొడవో, ఎక్కడ బొక్కెన అందదో, ఎక్కడ బోర్లా పడుకుని చెయ్యి పెట్టి గాజు పెంకుల మధ్య పూడిక లాగాలో వరసగా చెప్పాడు. మోచేతి దాకా ఉన్న మచ్చలు చూపించాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మురుగు పైపుల్లోకీ సెప్టిక్ ట్యాంకుల్లోకీ రక్షణ లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మురుగులో దిగి చనిపోయినవారి కుటుంబాలకు ఇచ్చే పరిహారాన్ని సుప్రీం కోర్టు 2014లో 10 లక్షలుగా నిర్ణయించి, 2023లో 30 లక్షలకు పెంచింది. కాల్వ పైకి కనిపించేదే అయినా, పొడవాటి ర్యాంపు కింద అది కూడా పైపు లాంటిదే. కార్మికుడి చెయ్యి అందని డిజైన్‌ను నేను ఒప్పుకోను.

చివరికి కుదిరిందేమంటే, తన ర్యాంపు తానే తీసేసిన ఇంటికి మునిసిపాలిటీ రెండడుగుల వెడల్పు స్లాబులు, ఎత్తడానికి కొక్కేలతో, ఖర్చు లేకుండా వేస్తుంది. కారు ఎక్కుతుంది, స్లాబు లేస్తుంది. మొదట తీసింది కౌన్సిలర్ గారి బంధువుల ఇంటి ముందు. ఆ వరుస ఆయనే ఎంచుకున్నారు.

పని, దాని వెనక కాగితం

కాల్వ అడుగుకు వెయ్యికి ఒకటి వాలు పెట్టాం. నిండుగా పారేటప్పుడు ఆ వేగం చాలు. మామూలు రోజుల్లో నీళ్లు తక్కువ కాబట్టి అడుగున నడిమధ్య చిన్న గాడి చేయించాం, ఆ కాసిని నీళ్లూ పరుచుకోకుండా గాడిలో పారతాయి. మూడో వీధి కల్వర్టు పగలగొట్టి కిందికి దింపారు. రోడ్డు మళ్లీ వెయ్యాల్సిన చోట పాతది తవ్వి తీశాకే కొత్తది వెయ్యాలని ఎస్టిమేట్‌లో ప్రత్యేకంగా రాయించాం. పని మధ్యలో కాల్వ అడుగు కొలిచేటప్పుడు కాంట్రాక్టరు మనుషులు కూడా నీలం గీత నుంచే కొలిచారు, ఎందుకంటే వీధిలో పిల్లలు సైతం టేపు పట్టుకుని అడుగుతున్నారు.

తోక దగ్గర డ్రెయిన్ పొంగితే నీళ్లు వెనక్కి తన్నుతాయి. దానికి బయటికి మాత్రమే తెరుచుకునే తలుపు, పక్కన సంపు, డీజిల్ మోటారు అవసరమయ్యాయి. సంపు పేట స్థలంలో రావాలి. పేట వాళ్లు రెండు షరతులు పెట్టారు. పేట లోపలి కాల్వలు మొదటి విడతలోనే వెయ్యాలి, మోటారు నీళ్లు నేరుగా డ్రెయిన్‌లోకే పోవాలి. రెండూ సమంజసమే, రెండూ ఒప్పుకున్నారు.

డ్రెయిన్ మాత్రం మునిసిపాలిటీది కాదు, జలవనరుల శాఖది. దానినిండా గుర్రపు డెక్క. అంతకు ముందు కాలనీ అర్జీ మునిసిపాలిటీకి, పేట అర్జీ డ్రెయిన్ల వాళ్లకు వెళ్లేవి, రెండు చోట్లా "మా పరిధిలోది కాదు" అని రాసి ముగించేవారు. ఈసారి రెండు సంఘాలూ కలిసి ఒకే అర్జీ రాశాయి. లెవెల్ షీటు జత చేసి సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టరేట్‌లో ఇచ్చాయి. ఇద్దరు అధికారులనూ ఒకే రోజు డ్రెయిన్ గట్టు మీదికి పిలిపించారు. డ్రెయిన్ నీటి మట్టం తగ్గకపోతే కాల్వ ఎంత వాలుతో కట్టినా దండగని షీటులో అంకెలతో సహా ఉంది. కాదనడానికి ఎవరికీ వీల్లేకపోయింది. వానలకు ముందే గుర్రపు డెక్క తీశారు.

మినిట్స్ తెలుగులో రాశాం, అక్కడే చదివి వినిపించాం, చదువు రానివారి వేలిముద్రలతో సహా తీసుకున్నాం. తర్వాత ఒకరిద్దరు మాట మార్చబోతే ఆ కాగితమే నిలబెట్టింది.

ఫలితం, మిగిలినవి

తర్వాతి వానాకాలంలో పెద్ద వాన పడినప్పుడు కింది వీధుల్లో నీళ్లు నిలిచాయి, కానీ పూట తిరిగేసరికి దిగిపోయాయి. పేటలో బడి మూతపడలేదు. రోడ్డు లేపిన పాత వీధిలో మాత్రం ఇళ్లు పల్లంలోనే ఉన్నాయి. ఆ రోడ్డు తవ్వితే తప్ప అక్కడ పరిష్కారం లేదు, దానికింకా నిధులు రాలేదు.

సెప్టిక్ ట్యాంకుల గొట్టాలు ఇప్పటికీ కాల్వలోకే ఉన్నాయి. నల్లరేగడి, పైన నీటిమట్టం, ఇంకుడు గుంతలు అక్కడ పనిచెయ్యవు. రెండు మూడేళ్లకోసారి ట్యాంకు ఖాళీ చేయిస్తే బయటికొచ్చే మురుగు కాస్త తేలికవుతుంది. అంతవరకు కొన్ని ఇళ్లు చేస్తున్నాయి. ముంపు సమస్యకు చేసిన పని మురుగు సమస్యకు జవాబు కాదని నేను సంఘానికి రాసిచ్చిన నోట్‌లో స్పష్టంగా పెట్టాను. కాలనీలో కొందరికి అది నచ్చలేదు.

ఇలాంటి పని ఎత్తుకునే ఇంజినీర్లకు ఒక మాట. లెవెల్స్ తీసింది ఎస్టిమేట్ వేశాక అయితే జనానికి అది మన నిర్ణయాన్ని సమర్థించుకునే కాగితంలా కనిపిస్తుంది. ఎస్టిమేట్‌కు ముందే, వాళ్ల చేత్తో కొలిపిస్తే అది వాళ్ల లెక్క అవుతుంది. మనకు మూడు నాలుగు రోజులు ఎక్కువ పడుతుంది. గొడవల్లో పోయిన ఏళ్లతో పోలిస్తే అదేం లెక్కలోది కాదు. కార్మికులను పిలవడం కూడా మర్యాద కోసం చేసే పని కాదు. కాల్వ ఎక్కడ పూడుతుందో మన సర్వే కంటే వాళ్లకు బాగా తెలుసు.

ప్రస్తుతం తేలాల్సింది డీజిల్ ఖర్చు. మొదటి ఏడాది వార్డు నిధుల నుంచి సర్దారు. ఏటా బడ్జెట్‌లో పద్దు పెట్టాలని రెండు సంఘాలూ కౌన్సిల్‌ను అడిగాయి. పద్దు వచ్చేదాకా మోటారు తాళంచెవి ఒకటి పేటలో, ఒకటి కాలనీలో ఉంచాలని, ఎన్ని గంటలు నడిచిందో రెండు చోట్లా రిజిస్టర్‌లో రాయాలని వాళ్లే అనుకున్నారు. ఆ రిజిస్టర్ లెక్కలతోనే వచ్చే బడ్జెట్ సమావేశానికి వెళ్తున్నారు.